బెల్ నగరంలో జీతాలను ముక్కలు చేసి దాచిన తీరు: ఒక కేస్ స్టడీ

లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌కు ఆగ్నేయంగా రెండున్నర చదరపు మైళ్ల చిన్న ఊరు బెల్. 2010 జనాభా లెక్కల ప్రకారం 35 వేల పైచిలుకు జనం. పదిమందిలో తొమ్మిదిమంది లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు. కౌంటీలోని పేద నగరాల్లో ఒకటి. ఆ ఏడాది ఆ ఊరి సిటీ మేనేజర్ రాబర్ట్ రిజో మూల వేతనం 7,87,637 డాలర్లు. అమెరికా అధ్యక్షుడి జీతం 4,00,000 డాలర్లు. రిజో కింద పనిచేసే అసిస్టెంట్ సిటీ మేనేజర్ ఏంజెలా స్పాచియాకు 3,76,288, పోలీస్ చీఫ్ ర్యాండీ ఆడమ్స్‌కు 4,57,000 డాలర్లు. పార్ట్‌టైమ్‌గా నెలకు ఒకటి రెండు సాయంత్రాలు కూర్చునే కౌన్సిల్ సభ్యుల్లో నలుగురికి ఏడాదికి లక్ష డాలర్ల దాకా ముట్టేది.

2010 జూలై 15న లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేకరులు జెఫ్ గాట్లీబ్, రూబెన్ వివెస్ ఈ అంకెలు బయటపెట్టారు. మరుసటి ఏడాది ఆ పత్రికకు ప్రజాసేవ విభాగంలో పులిట్జర్ పాత్రికేయ బహుమతి వచ్చింది. వార్త పేలిన తీరు అందరికీ గుర్తుంది. ఆ డబ్బు ఏ కాగితం మీద, ఎవరి సంతకంతో, ఏ సమావేశంలో కదిలిందన్నది గుర్తున్నవాళ్లు తక్కువ. నగర పాలనలో పనిచేసేవాళ్లకు, దాన్ని గమనించేవాళ్లకు కావలసింది ఆ రెండోదే. ఇందులో పెద్ద భాగం లంచంగా రాలేదు. జీతంగా, సెలవు జీతంగా, సంస్థ సభ్యత్వపు రుసుముగా, అప్పుగా, ఆఫీసు పుస్తకాల్లో పద్దు పడే వచ్చింది. ఏ ఒక్క కాగితంలోనూ మొత్తం కనబడకుండా చూసుకున్నారు, అంతే.

ముందు అక్కడి పాలనా నిర్మాణం కొంచెం. కాలిఫోర్నియాలో చాలా చిన్న నగరాలది కౌన్సిల్–మేనేజర్ పద్ధతి. ప్రజలు ఐదుగురు సభ్యుల్ని ఎన్నుకుంటారు, వాళ్లలో ఒకరు మేయర్‌గా ఉంటారు. రోజువారీ పాలనకు కౌన్సిల్ ఒక మేనేజర్‌ని ఒప్పందం మీద పెట్టుకుంటుంది. మన మున్సిపల్ కమిషనర్‌లాగా రాష్ట్రం నుంచి వచ్చిన అధికారి కాదు. పే స్కేలు, బదిలీ ఉండవు. జీతం ఎంతో బేరం ఆడేది, సంతకం పెట్టేది, తీసేసేదీ ఆ ఐదుగురే. అంటే మేనేజర్ మీద పెత్తనం చేయాల్సిన ఐదుగురిని మేనేజర్ లోబరుచుకుంటే ఆ పైన ఆపే చెయ్యి ఊళ్లో ఇంకేదీ ఉండదు. రిజో 1993లో ఏడాదికి 72,000 డాలర్లకు చేరాడు. పదిహేడేళ్లలో ఆ ఐదుగురి ఆదాయం తన చేతుల మీదుగా పెరిగేలా చేసుకున్నాడు. మిగతాదంతా అక్కడినుంచి వచ్చిందే.

2005 చార్టర్: గేటు తీసింది ఇక్కడ

సొంత చార్టర్, అంటే నగరం తనకు తాను రాసుకునే రాజ్యాంగం లాంటి పత్రం, లేని సాధారణ నగరాల్లో కౌన్సిల్ జీతానికి జనాభాను బట్టి రాష్ట్ర చట్టమే పరిమితి పెట్టింది. బెల్ అంత ఊరికి అప్పట్లో నెలకు కొన్ని వందల డాలర్లు మాత్రమే. ఈ పరిమితిని తప్పించుకోవడానికి పక్క ఊళ్లలో ఒక ఉపాయం నడిచేది: అదే ఐదుగురు కమిషన్లు, బోర్డులు పెట్టుకుని ఒక్కోదాని కింద విడిగా రుసుము తీసుకోవడం. దాన్ని ఆపడానికి 2005లో రాష్ట్ర శాసనసభ ఏబీ 11 (అసెంబ్లీ బిల్లు 11) చట్టం తెచ్చింది. వేరే చట్టం అనుమతిస్తే తప్ప అలాంటి బోర్డుల నుంచి నెలకు 150 డాలర్లకు మించి తీసుకోకూడదు. చట్టం తెచ్చిన శాసనసభ్యుడు హెక్టర్ డి లా టోరె పొరుగునున్న సౌత్ గేట్‌లో కౌన్సిల్ సభ్యుడిగా పనిచేసిన మనిషి. ఈ ఉపాయాలన్నీ ఆయన దగ్గర నుంచి చూసినవే.

అదే ఏడాది నవంబర్ 29న బెల్ ఒక ప్రత్యేక ఎన్నిక పెట్టింది. బ్యాలెట్ మీద ఒకే ఒక్క ప్రశ్న: నగరం చార్టర్ నగరంగా మారాలా వద్దా. పోలైన ఓట్లు 400 కూడా లేవు. అనుకూలంగా 336, వ్యతిరేకంగా 54. అందులోనూ సగానికి పైగా పోస్టు ద్వారా వచ్చినవి. స్థానిక స్వయంపాలన గురించి చెప్పారు కానీ జీతాల ఊసు బ్యాలెట్ మీద లేదు. చార్టర్ నగరం అయితే ఏబీ 11 పరిమితి వర్తించదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ చార్టర్‌లోనే కౌన్సిల్ సభ్యుల జీతం అదే జనాభా ఉన్న సాధారణ నగరంలో ఇచ్చేదానికి మించకూడదని రాసి ఉంది. తాము రాసుకున్న కాగితమే తమకు అడ్డు. అందుకే కౌన్సిల్ పేరు మీద తీసుకునే మొత్తాన్ని చిన్నదిగా ఉంచి, అసలు డబ్బును పక్క బోర్డుల కిందికి మళ్లించారు. చార్టర్ ఓటు కోసం ప్రచారం చేసేవాళ్లను ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఇదే: జీతం అన్న మాట ఏయే సంస్థల నుంచి వచ్చే డబ్బుకు వర్తిస్తుంది? ఆ ఒక్క వాక్యం చార్టర్‌లో గట్టిగా ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

నాలుగు బోర్డులు, అవే ఐదు కుర్చీలు

కమ్యూనిటీ హౌసింగ్ అథారిటీ, సర్‌ప్లస్ ప్రాపర్టీ అథారిటీ, పబ్లిక్ ఫైనాన్సింగ్ అథారిటీ, సాలిడ్ వేస్ట్ అండ్ రీసైక్లింగ్ అథారిటీ. నాలుగింటికీ సభ్యులు కౌన్సిల్ సభ్యులే. కౌన్సిల్ సమావేశం రోజునే, అదే హాల్లో, అదే బల్ల దగ్గర వీటినీ ఒకదాని వెంట ఒకటి తెరిచి మూసేవాళ్లు. కొన్ని నిమిషాల్లో అయిపోయినవి ఉన్నాయని మినిట్స్ (సమావేశపు అధికారిక రికార్డు) చూపించి ప్రాసిక్యూటర్లు వాదించారు. రుసుము మాత్రం ఒక్కో బోర్డుకు నెలకు పదిహేను వందల డాలర్లకు పైగా. సమావేశం జరిగినా జరగకపోయినా నెల తిరగ్గానే పడేది.

లొరెంజో వెలెజ్ అనే సభ్యుడు 2009లో నియామకంతో వచ్చాడు. అతనికి మాత్రం నెలకు 673 డాలర్లే, ఏడాదికి 8,076. సహచరులకు ఎంత వస్తోందో తనకు తెలియదని చెప్పాడు. అప్పటి కౌన్సిల్ సభ్యుల్లో అభియోగం మోపనిది అతనొక్కడి మీదే. ఆ 8,076 డాలర్లే తర్వాత ప్రాసిక్యూటర్లకు కొలబద్ద అయింది: చట్టబద్ధంగా రావాల్సింది ఇంత, తీసుకున్నది దాదాపు పన్నెండు రెట్లు. ఒకే కుర్చీకి రెండు రకాల జీతం ఉన్న ఏ సంస్థలోనైనా ముందు వెతకాల్సింది ఆ తేడాకు మూలమైన తీర్మానం.

విక్టర్ బెల్లో సంగతి ఇంకొక తీరు. 2009లో కౌన్సిల్‌కు రాజీనామా చేశాడు. ఊళ్లోని ఫుడ్ బ్యాంకు దగ్గర ఉద్యోగంలో పెట్టి దాదాపు పాత జీతమే కొనసాగించారు. పదవి పోయినా పేరోల్‌లో పేరు పోలేదు. ఎన్నికైనవాళ్లు పదవి దిగిన వెంటనే అదే సంస్థలో ఉద్యోగిగా కనిపిస్తే ఆ నియామకపు ఫైలు తప్పనిసరిగా తెరవాలి. పోస్టు ముందే ఉందా, ప్రకటన ఇచ్చారా, ఇంకెవరైనా దరఖాస్తు చేశారా చూడాలి.

ఐదు ఒప్పందాలు, నిర్వచించని ఒక మాట

రిజో జీతం 2008లో ఐదు ఒప్పందాలుగా చీలింది. ఒకటి నగరంతో, మిగతావి అనుబంధ సంస్థలతో. ఏ ఒక్క ఒప్పందం తీసి చూసినా సిటీ మేనేజర్‌కు ఇవ్వదగ్గ జీతంలాగే కనిపిస్తుంది. పైగా ఏటా 12 శాతం పెంపు దానంతటదే జరిగేలా రాసుకున్నారు. ఒకసారి ఆమోదం పడితే చాలు, మళ్లీ కౌన్సిల్ ముందుకు రావాల్సిన పని లేదు. కౌంటీ ప్రాసిక్యూటర్ అయిన జిల్లా అటార్నీ స్టీవ్ కూలీ చెప్పిన ప్రకారం ఆ ఒప్పందాలు రిజో తనకు తానే రాసుకున్నవి, కౌన్సిల్ ఆమోదానికి వెళ్లనివి.

ఏటా 107 రోజుల సెలవు, 36 రోజుల అనారోగ్య సెలవు కూడా అతనికి ఉన్నాయి. మొత్తం 143 రోజులు, ఇరవై ఎనిమిది వారాలకు పైగా. ఏడాదికి 260 పని దినాల లెక్కన ఒక రోజు విలువ దాదాపు 3,029 డాలర్లు. 143 రోజులూ వాడకుండా నగదుగా మార్చుకుంటే 4 లక్షల 33 వేల డాలర్లు. జీతం పెంచే తీర్మానం లేకుండానే జీతం సగానికి పైగా పెరిగే దారి ఇది. సౌకర్యాలన్నీ కలిపితే అతని మొత్తం ఏడాదికి 15 లక్షల డాలర్లు దాటింది. జీతాల మీద దుమారం రేగినప్పుడు అందరి కళ్లూ మూల వేతనం మీదే ఉంటాయి. సెలవుల షరతు ఒప్పందం చివరి పేజీల్లో నిద్రపోతూ ఉంటుంది.

కోర్టులో అందరినీ కదిలించిన సాక్ష్యం ఒక ఈమెయిల్. ఆడమ్స్ ఉద్యోగంలో చేరే ముందు స్పాచియా అతనికి రాసింది. తమ జీతాల మీద చూపు పడకుండా ఒప్పందాలను జాగ్రత్తగా తయారు చేశామని, జీతం కాలవ్యవధి అన్న మాటను కావాలనే నిర్వచించకుండా వదిలేశామని, ఎవరైనా తీరిక చేసుకుని జీతం కూడబోతే కుదరకుండా అలా చేశామని ఆ ఉత్తరం సారాంశం. నెలకా, రెండు వారాలకా, సగం నెలకా? చెప్పకపోతే పన్నెండుతో గుణించాలో ఇరవై ఆరుతోనో చదివేవాడికి తెలియదు. దాచిన పద్ధతి మొత్తం దాచినవాళ్ల మాటల్లోనే ఉంది. ఒప్పందంలో ఏడాది మొత్తాన్ని అంకెల్లో రాయకపోవడం పొరపాటుగా జరిగేది కాదు. అది కనబడితే అక్కడే ఆగి అడగాలి.

అబద్ధపు జీతాల పత్రం

2008లో ఒక నివాసి నగర కార్యాలయానికి వెళ్లి మేనేజర్‌కు, కౌన్సిల్ సభ్యులకు జీతం ఎంతో రాసివ్వమని కోరాడు. ఒక పత్రం చేతికి ఇచ్చారు. దానిలో సభ్యులకు నెలకు 673 డాలర్లు, రిజోకు నెలకు 15,478 డాలర్లు. అంటే ఏడాదికి 1,85,736. ఆ పరిమాణంలో ఉన్న ఊరికి కొంచెం ఎక్కువే అనిపించినా నమ్మదగ్గ అంకె. చట్టం ప్రకారం రావాల్సిన 673ను సభ్యుల పేరున, పొరుగు ఊళ్లకు దగ్గరగా ఉండే జీతాన్ని మేనేజర్ పేరున వేశారు.

అబద్ధం చెప్పేవాళ్లు సున్నా రాయరు. అనుమానం రాని అంకె రాస్తారు. అందుకే సమాచారం అడిగేవాళ్లు ఒక సారాంశ పత్రంతో తృప్తిపడి ఇంటికి పోకూడదు. ఆ అంకెను పుట్టించిన మూల రికార్డు అడగాలి: పేరోల్ రిజిస్టర్, ఆ మొత్తానికి ఆమోదం ఇచ్చిన తీర్మానం, ఒప్పందం పూర్తి ప్రతి. ఈ మూడింట్లో రెండు ఒకదానితో ఒకటి సరిపోలకపోతే అప్పుడే పని మొదలవుతుంది.

డబ్బు ఎక్కడినుంచి

ఇంత జీతాలకు పేద ఊళ్లో డబ్బు ఎలా వచ్చింది? ఇంటి పన్ను ఒక దారి. బెల్‌లో రేటు 1.55 శాతం దాకా ఉండేది; కోటీశ్వరులుండే బెవర్లీ హిల్స్ కంటే ఎక్కువ. పింఛన్ల కోసం వేసిన ప్రత్యేక పన్నును చట్టవిరుద్ధంగా పెంచారని రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కంట్రోలర్ జాన్ చియాంగ్ కార్యాలయం తేల్చింది. 29 లక్షల డాలర్ల వరకు అదనంగా వసూలైన ఆ సొమ్మును ఇళ్లవాళ్లకు తిరిగి ఇవ్వడానికి ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. డ్రైవింగ్ లైసెన్సు లేనివాళ్ల కార్లను పట్టుకుని విడిపించడానికి 300 డాలర్లు గుంజేవాళ్లు. ఈ బరువు మోసింది ఎక్కువగా వలస కూలీలు. ఇంకోవైపు బాండ్ల మీద తెచ్చిన డబ్బులో 2 కోట్ల 35 లక్షల డాలర్లు వడ్డీ లేని ఖాతాలో పడి ఉన్నాయని కంట్రోలర్ ఆడిట్ రాసింది. జనం ఆ అప్పుకు వడ్డీ కడుతున్నారు, ఆ డబ్బు మాత్రం ఊరికే కూర్చుని ఉంది.

అప్పుల సంగతి ఇంకా దారుణం. రిజో తనకు, స్పాచియాకు, ఇద్దరు కౌన్సిల్ సభ్యులకు, పదుల కొద్దీ ఉద్యోగులకు, మరికొందరికి దాదాపు 19 లక్షల డాలర్లు అనుమతి లేకుండా అప్పుగా ఇచ్చాడని అభియోగం. జమ అయిన సెలవులే హామీ. అప్పు తీసుకున్న ఉద్యోగి మేనేజర్‌ని ప్రశ్నిస్తాడా? ఊరి డబ్బుతోనే ఊరి నోరు కట్టేశారు. బ్యాలెన్స్ షీటులో ఉద్యోగుల నుంచి రావాల్సిన బకాయి అన్న పంక్తి పెద్దదిగా కనిపిస్తే ఆ పేర్ల జాబితా అడగడం ఆడిటర్ కనీస ధర్మం.

ఆపాల్సినవాళ్లు ఎక్కడున్నారు

బయటి ఆడిట్ సంస్థ ఏటా శుభ్రంగా ఉందని సంతకం పెట్టింది. తర్వాత రాష్ట్ర కంట్రోలర్ ఆ ఆడిట్ పనిని సమీక్షిస్తే, క్షేత్ర పరిశీలనకు వర్తించే 17 ప్రమాణాల్లో 13 పాటించలేదని తేలింది. కాలిఫోర్నియా ప్రభుత్వ ఉద్యోగుల పింఛను సంస్థ కాల్‌పెర్స్ రిజో జీతం ఒక్కసారిగా పెరగడాన్ని 2006లోనే గమనించింది, కానీ ముందుకు సాగలేదు. సిటీ క్లర్క్ తాను హాజరు కాని సమావేశాల మినిట్స్ మీద కూడా సంతకం పెట్టినట్టు కోర్టులో చెప్పింది. మినిట్స్ మీద సంతకం అంటే సాక్ష్యం. సాక్షి గదిలో లేకుండా సాక్ష్యం పుట్టింది.

కౌన్సిల్ సభ్యుల వాదన వినదగ్గది, ఎందుకంటే ఇది ఏ ఊళ్లోనైనా వినిపించే వాదనే. తాము చదువుకున్నవాళ్లం కాదు, మేనేజర్‌నీ నగర న్యాయవాదినీ నమ్మాం, పగలూ రాత్రీ జనం పనే చేశాం అన్నారు. ఒక సభ్యురాలు సాక్ష్యమిస్తూ, ఉద్యోగం మానేసి పూర్తికాలం పనిచేసేంత జీతం వస్తుందని రిజో నగర న్యాయవాది ఎదుటే చెప్పాడని, ఆయన అడ్డు చెప్పలేదని అంది. న్యాయవాది మౌనాన్ని అనుమతిగా తీసుకున్నారు. ప్రజాధనం దుర్వినియోగానికి వర్తించే పీనల్ కోడ్ సెక్షన్ 424 విషయంలో రాష్ట్ర సుప్రీంకోర్టు 2011లో ఒక గీత గీసింది: తెలిసి చేస్తే నేరం, తెలుసుకోవాల్సిన బాధ్యతను నేరపూరితంగా నిర్లక్ష్యం చేసినా నేరమే. నమ్మాను అని చెప్పేవాళ్లు నమ్మకానికి ఆధారంగా లిఖితపూర్వక న్యాయ సలహా చూపించగలగాలి. ఏ కౌన్సిల్ సభ్యుడైనా తన జీతానికి సంబంధించిన అంశం మీద చెయ్యెత్తే ముందు ఆ కాగితం అడిగి తీసుకోవాలి. ఇవ్వకపోతే అడిగినట్టు మినిట్స్‌లో రాయించాలి. మంచి మనసున్నా సరే, చదవకుండా పెట్టిన సంతకం జనానికి చేసే అన్యాయమే.

తీర్పులు

2010 జూలై చివరి వారాల్లో ముగ్గురు అధికారులు రాజీనామా చేశారు, సభ్యులు తమ జీతాల్లో 90 శాతం కోసుకున్నారు. సెప్టెంబర్ 21న ఎనిమిదిమందిని అరెస్టు చేశారు. దుర్వినియోగం విలువ 55 లక్షల డాలర్లకు పైనే అని అప్పటి లెక్క. ఊళ్లో బాస్టా అనే పౌర బృందం రీకాల్ ఉద్యమం, అంటే ఎన్నికైనవాళ్లను ఓటుతో మధ్యలోనే దించే ఉద్యమం నడిపింది. 2011 మార్చిలో జనం పాత కౌన్సిల్‌ని ఊడ్చేశారు.

2013 మార్చిలో జ్యూరీ ఐదుగురు మాజీ సభ్యుల్ని కొన్ని అభియోగాల్లో దోషులన్నది, ఆరో సభ్యుడు లూయిస్ ఆర్టిగాను నిర్దోషిగా వదిలేసింది. రుజువైనవి సాలిడ్ వేస్ట్ అథారిటీ రుసుముకు సంబంధించినవి. పబ్లిక్ ఫైనాన్సింగ్ అథారిటీ మీద అభియోగాలు నిలబడలేదు. కొన్నింటి మీద జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. జీతం అన్యాయంగా ఎక్కువ అన్నంత మాత్రాన నేరం రుజువు కాదు. ఆ బోర్డు పని చేసిందా, చట్టబద్ధంగా ఏర్పడిందా అన్నది ఒక్కోదానికి విడిగా చూపించాలి. 2014లో ఐదుగురూ తలా రెండు అభియోగాలను ఎదిరించి వాదించబోమని (నో కాంటెస్ట్) ఒప్పుకున్నారు. ఒకరికి రెండేళ్ల జైలు, మిగతావాళ్లకు ఏడాది లేదా గృహ నిర్బంధం. 69 అభియోగాలను అలాగే ఎదిరించనన్న రిజోకు 12 ఏళ్లు, దాదాపు 88 లక్షల డాలర్ల పరిహారం. పన్ను ఎగవేతకు ఫెడరల్ కోర్టు 33 నెలలు. స్పాచియాకు 11 ఏళ్ల 8 నెలలు. అప్పీలులో ఆమె మీది అభియోగాల్లో కొన్నింటిని కొట్టేశారు. అన్నిటికంటే ఆశ్చర్యం, ఆ ఈమెయిల్ అందుకున్న ఆడమ్స్ మీద కేసే లేదు.

ప్రతి కంతకూ ఒక చట్టం

కాలిఫోర్నియా తర్వాత చేసిన మార్పుల్ని బెల్ పక్కన పెట్టి చదివితే ఏ కంత ఎక్కడ పూడ్చారో తెలుస్తుంది. చార్టర్ ప్రతిపాదనను ఇక ఎవరూ రాని ప్రత్యేక ఎన్నికలో పెట్టకూడదు, జనం ఓటేసే సాధారణ ఎన్నికల్లోనే పెట్టాలి. ముందు 30 రోజుల తేడాతో రెండు బహిరంగ విచారణలు జరగాలి. కౌన్సిల్ తన జీతం తాను పెంచుకోగలదా అన్నది బ్యాలెట్ మీద చెప్పాలి. ఇది 2011 నాటి ఏబీ 1344. పై అధికారుల జీతాన్ని 24 గంటల నోటీసుతో పిలిచే ప్రత్యేక సమావేశంలో చర్చించకూడదు. 72 గంటల ముందు అజెండా అంటించే సాధారణ సమావేశంలోనే చర్చించాలి. ధరల పెరుగుదలకు మించిన పెంపు దానంతటదే జరిగే షరతు ఒప్పందంలో ఉండకూడదు. అదే ఏడాది వచ్చిన ఏబీ 23 నాలుగు బోర్డుల ఉపాయానికి సూటిగా తగులుతుంది: ఒకే సభ్యులు ఒకదాని వెంట ఒకటి సమావేశాలు పెడితే, రెండోది మొదలయ్యే ముందు దానివల్ల ఒక్కొక్కరికి ఎంత ముడుతుందో క్లర్క్ గానీ ఒక సభ్యుడు గానీ గట్టిగా చదివి వినిపించాలి.

కంట్రోలర్ కార్యాలయం 2010 చివరి నుంచే రాష్ట్రంలోని నగరాల, కౌంటీల జీతాలన్నీ ఒకే వెబ్‌సైటులో పెట్టడం మొదలుపెట్టింది. అక్కడ ఇచ్చే అంకె డబ్ల్యూ-2 పత్రంలో (యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్నుల పత్రం) మెడికేర్ అనే వృద్ధుల ఆరోగ్య బీమా పన్నుకు లోబడే వేతనపు గడి, అంటే ఐదో గడి నుంచి వస్తుంది. మొదటి గడి చూస్తే మోసపోతాం, పదవీ విరమణ నిధికి మళ్లించిన జీతం అందులో ఉండదు.

తెలుగువాళ్లు చూసుకోవాల్సినవి

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రామోన్ లాంటి ఊళ్లలో ఇళ్లు కొనుక్కుని పన్నులు కట్టే తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అధ్యక్ష ఎన్నికకు వెళ్లినంత శ్రద్ధగా నగర కౌన్సిల్ ఓటుకు వెళ్లేది తక్కువమంది. బెల్‌లో 336 ఓట్లు ఊరి తలరాత మార్చాయి. రికార్డుల కోసం సిటీ క్లర్క్‌కు ఒక ఈమెయిల్ చాలు. ఇస్తారో ఇవ్వరో పది రోజుల్లో చెప్పాలి. ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు పేర్లతో సహా బహిరంగ సమాచారమేనని రాష్ట్ర సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది కాబట్టి గోప్యత అన్న జవాబు నిలబడదు. సభ్యుల ఆస్తులు, ఆదాయ వనరుల ప్రకటన అయిన ఫారం 700 కూడా అక్కడే దొరుకుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జీతం దారి మూసే ఉంది. కార్పొరేటర్ల గౌరవ వేతనం ప్రభుత్వం ఖరారు చేస్తుంది, కమిషనర్ జీతం స్కేలు ప్రకారం. అయినా నాలుగు బోర్డుల నీడ ఇక్కడా ఉంది. స్మార్ట్ సిటీ పనులకు కంపెనీ విడిగా ఏర్పడింది, పట్టణాభివృద్ధి సంస్థ విడిగా ఉంటుంది. చాలా చోట్ల అవే కొద్దిమంది అధికారులు రెండు మూడు కుర్చీల్లో కూర్చుంటారు. ఆ కంపెనీ ఖర్చు కౌన్సిల్ అజెండాలోకి రాదు. ఇక టేబుల్ అజెండా సంగతి: సభ్యులు హాల్లోకి వచ్చి కూర్చున్నాక చేతికిచ్చే కాగితాల మీద పదుల అంశాలు నిమిషాల్లో ఆమోదం పొందడం మన పత్రికల్లో తరచూ చదివే వార్తే. ముందే చేసేసిన ఖర్చుకు తర్వాత పెట్టించే ర్యాటిఫికేషన్ తీర్మానాలు సాధారణంగా అక్కడే దూరతాయి.

ఇక్కడ పట్టుకోవాల్సిన పిడి సమాచార హక్కు చట్టం సెక్షన్ 4. అందులోని జాబితాలో పదో అంశం ప్రతి అధికారి, ఉద్యోగి నెల వేతనాన్ని, పదకొండో అంశం బడ్జెట్ కేటాయింపుల్ని, ప్రతిపాదిత ఖర్చుల్ని ఎవరూ అడగకముందే సంస్థ తానే ప్రకటించాలంటుంది. వెబ్‌సైటులో లేకపోతే దరఖాస్తులో ఆ సెక్షన్ నంబరు రాసి అడగాలి. గడువు 30 రోజులు.

వరుస ఇలా పెట్టుకుంటే పని తేలిక. ముందు ఒకే మనుషులు కూర్చునే సంస్థలన్నిటి జాబితా రాయాలి. ఇది తప్పిపోతే మిగతాదంతా తప్పుతుంది. తర్వాత పన్నెండు నెలల మినిట్స్ తీసుకుని ఒక్కో సమావేశానికి మొదలైన సమయం, ముగిసిన సమయం, హాజరైనవాళ్లు, సంతకం చేసినవాళ్లు, రుసుము అని ఐదు గడుల పట్టిక వేయాలి. కలిపి జరిపే సమావేశాలకు ఒకే సమయం రాసేస్తుంటారు. అలాంటప్పుడు రికార్డింగు అడగాలి. తీర్మానాల నంబర్లు వరుసగా ఉన్నాయా చూడాలి. మధ్యలో ఒకటి లేకపోతే దాన్ని పేరు పెట్టి అడగాలి. ఆ తర్వాతే జీతాలు: ఒక మనిషికి అన్ని సంస్థల నుంచి ఏడాదికి వచ్చినదంతా, సెలవు నగదు, వాహన భత్యం, పింఛనుకు సంస్థ కట్టిన వాటా కలిపి ఒకే వరుసలో కూడాలి. చాలామంది ఈ కూడిక దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే కాగితాలు నాలుగు కార్యాలయాల్లో ఉంటాయి, నాలుగు రకాల కాలవ్యవధుల్లో ఉంటాయి. అన్నిటినీ ఏడాదికి మార్చకుండా పక్కపక్కన పెట్టకూడదు.

ఆ కూడికలోకి రానివాళ్లు ఇంకొందరు ఉంటారు. ఫీజు మీద పనిచేసే న్యాయవాది, సంస్థ ద్వారా వచ్చిన కన్సల్టెంట్, పదవీ విరమణ చేసి మళ్లీ ఒప్పందం మీద చేరిన అధికారి పేరోల్‌లో కనిపించరు. కాలిఫోర్నియా నగరాల్లో వాళ్ల చెల్లింపులు కౌన్సిల్ అజెండాకు జతచేసే వారంట్ రిజిస్టర్‌లో, అంటే చెక్కుల జాబితాలో ఉంటాయి. మన దగ్గర చెల్లింపుల వోచర్లలో, అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ బిల్లుల్లో ఉంటాయి. కనీసం మూడు నెలల జాబితా తీసుకుని ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చిందో, అంచెలంచెలుగా చీల్చిన బిల్లులు టెండరు పరిమితికి కాస్త కిందే ఆగుతున్నాయో లేదో చూడాలి.